కావ్య నడిపిన బండి

"బాపురావన్నా, ఆ ఫ్లెక్సీ దించుండ్రి."

సుమన గొంతు పెద్దదేమీ కాదు. అయినా ఆ మాటతో వాకిట్లో సందడి చప్పున చల్లారింది. నిచ్చెన మీదున్న బాపురావు చేతిలో తాడు సగం ముడితోనే ఆగిపోయింది.

గోడకు ఒక పక్క వేలాడుతున్న ఫ్లెక్సీలో కావ్య నవ్వుతోంది. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫొటో. పట్టులంగా, జడ నిండా పూలు. ఆ పిల్లను ఎక్కడినుంచో తెచ్చిన ఎర్ర మోటార్ సైకిలు బొమ్మ మీద అతికించారు. పైన పెద్ద అక్షరాలతో 'తాత ప్రాణం నిలిపిన వీరబాలిక' అని రాయించారు.

"ఏంది చెల్లె గట్లంటవ్? ఊరంత సంబురపడుతుంటె!" బాపురావు నిచ్చెన దిగకుండానే అన్నాడు. ఊళ్ళో ఏ సన్మానమైనా అతని చేతుల మీదుగానే జరగాలి. "సద్దుల బతుకమ్మ నాడు అందరి ముందర శాలువ కప్పుదామనుకున్నం. పేపరాయనకు గూడ చెప్పిన."

"పేపరాయనకు రావద్దని చెప్పు అన్నా."

ఆత్మారాంను బోధన్ దవాఖానా నుంచి ఇంటికి తెచ్చింది ఆ పొద్దునే. మూడు రోజుల క్రితం చెరుకు తోటలో గుండె పట్టుకుని కూలబడిన మనిషి, సరిగ్గా నడవలేకపోయినా తన కాళ్ళ మీదే గడప దాటాడు. మోటార్ సైకిలు మీద అతన్ని మధ్యన కూర్చోబెట్టి, వెనక నుంచి భార్య శ్యామలమ్మ గట్టిగా పట్టుకుంటే, బండిని దవాఖానా దాకా నడిపింది మనవరాలు కావ్య. తొమ్మిదో తరగతి పిల్ల. దసరా సెలవులకని నిజామాబాద్ నుంచి వచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరే చెప్పాడు.

అందుకే ఊరు ఊరంతా ఆ ఇంటి ముందుంది. అందుకే ఆ ఇంటి కోడలు, కావ్య తల్లి అయిన సుమన మాట ఎవరికీ మింగుడు పడలేదు.

"అన్నా, నీ కొడుకు ఎన్నో తరగతి?" సుమన అడిగింది.

"ఏడు."

"రేపు ఈ బొమ్మ చూసి వాడు నీ బండి చావి అడుగుతడు. ఇస్తవా?"

బాపురావు నవ్వాడు. "వాడు అడుగుడేంది? పోయిన యాడాదే నేర్చుకున్నడు. సొసైటీ దాంక పోయి పాలు పోసొస్తడు."

గుంపులో నలుగురూ నవ్వారు. సుమన నవ్వలేదు.

"నేను పనిచేసేది ఎముకల వార్డుల. సెలవులు మొదలైతె మాకు మంచాలు సరిపోవు. అందరు గిట్ల పాలు పోసొద్దామని పోయినోళ్లే."

నవ్వులు ఆగిపోయాయి. బాపురావు మొహం మాడిపోయింది. నిచ్చెన దిగి తాడు కింద పడేసి, ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాడు. ఫ్లెక్సీ ఒక మేకుకు వేలాడుతూ గాలికి గోడకేసి కొట్టుకుంటోంది. సుమనే వెళ్ళి దాన్ని దించి చుట్టి, అరుగు మీద పెట్టింది.

*

"నీకేం పట్టింది?" లోపలికి రాగానే మహేందర్ తలుపు దగ్గరగా వేశాడు. "మంది ముందర మాట్లాడే తీరేనా అది? నా బాపు బతికిండు సుమనా!"

"బతికిండు. నేను కాదంటున్ననా? దవాఖాన్ల మీకంటె ముందు ఏడ్చింది నేను."

"మరి బిడ్డను చూసి సంతోషపడాలె గద."

"సంతోషమే. సంతోషం వేరు, ఫ్లెక్సీ వేరు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "దానికి పద్నాలుగు గూడ నిండలే. గేర్ల బండికి పద్దెనిమిది నిండాలె. బండి మీ పేరు మీద ఉన్నది. అడిగెటోడు అడిగితె కేసు పిల్ల మీద కాదు, మీ మీద అయితది. అది తెల్వదా మీకు?"

"ప్రాణం కాపాడిన పిల్లను ఎవడు అడుగుతడు?"

"ఈ ఒక్క సారికి అడగరు. మల్ల నడిపితె?"

మహేందర్ మంచం మీద కూర్చున్నాడు. నిజామాబాద్‌లో ట్రాక్టర్ సామాన్ల దుకాణం అతనిది. ఇంజన్ల మధ్య పెరిగిన మనిషి.

"నేను పదో తరగతిల ఉన్నప్పుడు ట్రాక్టర్ తోలిన. చెరుకు బండ్లెనక ఫ్యాక్టరీ దాంక పోయిన. నాకేమైంది?"

"అప్పుడు ఈ రోడ్ల మీద గిన్ని లారీలున్నయా? గిన్ని కార్లున్నయా? మీ దోస్తులల్ల పడ్డోళ్లు ఒక్కరు లేరా?"

ఉన్నారు. ఇద్దరికీ తెలిసినవాడే ఒకడు ఇప్పటికీ కుంటుతూ దుకాణానికి వస్తాడు.

"ఒక్కటి చెప్పుండ్రి నాకు," సుమన గొంతు తగ్గించింది. "దానికి నేర్పిందెవరు? బండి ఎక్కంగనే ఎవరికీ గేర్లు పడయి. ఎవరో కూసోబెట్టి నేర్పిండ్రు. మీరేనా?"

"నీ మీద ఒట్టు. నేను గాదు."

"నేను నేర్పించిన."

తలుపు సందులోంచి వచ్చింది ఆ మాట. శ్యామలమ్మ చేతిలో జావ గిన్నెతో నిలబడి ఉంది. భర్తకు తాగించి వస్తున్నట్టుంది. మనిషి అలసిపోయింది గాని కళ్ళలో బెదురు లేదు.

"మీరా అత్తమ్మా?"

"మీ మామ నేర్పిండు. నేర్పుమన్నది నేను. ఎండకాలం సెలవులల్ల, చెరుకు కొట్టేసిన చేన్ల. రోజు పొద్దుగాల పోయెటోళ్లు."

"నన్ను అడగాల్సి ఉండె."

"అడిగితె ఒద్దంటవు."

"అంటును."

"అందుకె అడగలే."

మహేందర్ తల్లి మొహం వంకా భార్య మొహం వంకా చూసి, మెల్లగా కిటికీ దగ్గరికి నడిచాడు. ఇంట్లో ఇలాంటివి మొదలైనప్పుడు అతను అక్కడికే పోతాడు.

శ్యామలమ్మ గిన్నె కింద పెట్టి గడపకు ఆనుకుని కూర్చుంది.

"సుకన్య సంగతి నీకు తెల్సు. పాము కరిసి సచ్చిపోయిందని తెల్సు. ఎట్ల సచ్చిపోయిందో తెల్వదు. నువ్వు ఈ ఇంటికి రాకముందు ముచ్చట." ఆమె కూతురి పేరు ఎత్తడం సుమన ఎప్పుడో గాని వినలేదు. "మొగోళ్లంత చెరుకు బండ్లెంబడి పోయిండ్రు. చేన్ల అందరం ఆడోళ్లమే. దాని కాలు నల్లగైతుంటె చూస్కుంట నిలబడ్డం. బాయి కాడ బండి ఉండె సుమనా. చావి దానికే ఉండె. పెట్రోల్ గూడ ఉండె. నడిపెటోళ్లు లేకపోయిండ్రు. గంత మంది ఆడోళ్లం బండి చుట్టు నిలబడి ఏడ్సినం. నూకుదామని గూడ చూసినం. ఎవ్వరికి ఏం తెల్వకపోయె."

బయట ఎవరో ట్రాక్టర్ స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించి దూరమైంది.

"అప్పుడే అనుకున్న. ఈ ఇంట్ల పుట్టిన ఆడపిల్లకు బండి రావాలె. ఎంత చిన్నదైన సరే."

సుమన వెళ్ళి అత్త ఎదురుగా నేల మీదే కూర్చుంది. కోపం పోలేదు. కాని ఇందాకటి కోపం కాదది.

"అత్తమ్మా, మీరు చెప్పింది నాకు సమజైంది. నేను మీ జాగల ఉన్నా గట్లనే అనుకుందును. గని ఒక్క మాట అడుగుత. నేను ఈ ఇంటికి వచ్చి ఎన్నేండ్లైంది?"

శ్యామలమ్మ ఆమెవంక చూసింది.

"పెద్దమనిషిని నేనున్న. చదువుకున్న. రాత్రి డ్యూటీలు చేసి బస్సుల కోసం నిలబడి కాళ్లు గుంజిన రోజులెన్నో ఉన్నయి. నాకు నేర్సుకొమ్మని ఒక్కనాడన్న అన్నరా? ఆడోళ్లకు బండి రావాలెనంటె నన్నొదిలిపెట్టి పసిపిల్లకెందుకు నేర్పిండ్రు?"

కిటికీ దగ్గర మహేందర్ ఇటు తిరిగాడు.

"కోడలు బండి నడుపుతదా అనుకున్న," చివరికి అంది పెద్దావిడ. అన్నాక ఆ మాట ఆమెకే వింతగా తోచినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

*

మహేందర్ మందుల చీటీ పట్టుకుని బోధన్ వెళ్ళాడు. సుమన కూతుర్ని వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగింది.

పొద్దుటి నుంచి ఆ పిల్ల వాకిట్లోకి రాలేదు. మనవరాలిని చూద్దామని వచ్చిన ఆడవాళ్ళు పిలిచినా పలకలేదు. సిగ్గనుకున్నారు. అన్నం కూడా కలిపి వదిలేసింది. అలసట అనుకున్నారు. సుమనా మొదట అదే అనుకుంది.

కావ్య పెరట్లో, పశువుల కొట్టం పక్కన షెడ్డులో ఉంది. స్టాండు వేసిన బండి ముందు గొంతుకూర్చుని ఉంది. తల్లి అడుగుల చప్పుడు విని గబుక్కున లేచి, బండికి అడ్డంగా నిలబడింది.

"ఏం చేస్తున్నవు?"

"ఏం లేదు."

సుమన బండి వంక చూసింది. మహేందర్ తన తండ్రి కోసం కొన్న బరువైన బండి. తర్వాత కూతురి వంక చూసింది. సన్నని పిల్ల. ఈ ఏడే కాస్త పొడుగు సాగింది. దవాఖానా ముందు గుంపులో, ఏడుపుల మధ్య ఆలోచించని సంగతి ఒకటి ఇప్పుడు తలలో మెదిలింది. రోజూ కాళ్ళూ కీళ్ళూ చూసే మనిషి కళ్ళతో చూసింది.

"కావ్యా, స్టాండు తీసి బండెక్కు. నేను పట్టుకుంట."

"ఎందుకు?"

"ఎక్కు బిడ్డా."

ఎక్కింది. సుమన వెనక క్యారియర్ గట్టిగా పట్టుకుంది.

"కాళ్లు కింద పెట్టు."

కావ్య కాళ్ళు చాపింది. ఎడమ కాలి వేళ్ళు నేలను తాకీ తాకనట్టు వేలాడాయి. కుడికాలు అసలే అందలేదు.

"చేన్ల తాతతోని నడిపినప్పుడు ఎట్ల ఆపుతుంటివి?"

"గట్టుకు కాలు ఆనిచ్చి బయల్దేరుతుంటి. ఆపేటప్పుడు మెల్లగ చేస్తుంటి. తాత ఉరికొచ్చి పట్టుకుంటుండె."

"రోజు అట్లనే?"

"ఆ."

"మరి దవాఖానా ముందర ఎట్ల ఆపినవు? తాత బండి మీదనె ఉండె గద."

హ్యాండిల్ మీద కావ్య చేతులు బిగుసుకున్నాయి.

"ఎట్ల ఆపినవు కావ్యా?"

"ఆపలే." కావ్య తల దించుకుంది. "ఆడ ఇసుక కుప్ప ఉండె. దాంట్లకు పోనిచ్చిన. మంది ఉరికొచ్చి పట్టుకున్నరు."

సుమన బండిని మళ్ళీ స్టాండు మీదికి లాగింది. కూతుర్ని దింపలేదు. అలాగే సీటు మీద కూర్చోబెట్టి, మొహంలో మొహం పెట్టి చూసింది.

"మరి తొవ్వల? తొవ్వల ఎవరన్న అడ్డం రాలేదా?"

అంతే. ఆ పిల్ల బావురుమంది. ఇన్నాళ్ళుగా తాత కోసం ఏడుస్తోందని అందరూ అనుకున్న ఏడుపు కాదది.

"కాల్వ కట్ట మీద సైకిల్ వచ్చిందమ్మా. చిన్న పిల్ల. నేను హారన్ కొట్టిన. ఆ పిల్ల ఎటు పోవాల్నో తెల్వక నడుమనె నిలబడ్డది. నేను పక్కకు తిప్పిన గని, ఈ గార్డు తగిలింది. పడ్డది. అరిసింది. నేను విన్న."

బండి ముందుభాగాన కాళ్ళకు అడ్డంగా ఉండే ఇనుప గార్డు ఒక పక్క వంగి ఉంది. దాని మీద గులాబీ రంగు పెచ్చు ఒకటి అంటుకుని ఉంది. ఏదో పిల్లల సైకిలు రంగు.

"ఆపుదామనుకున్న. ఆపితె బండి పడిపోతది, తాత పడిపోతడు. నానమ్మ పో పో అన్నది. నేను పోయిన." కావ్య ముక్కు తుడుచుకుంది. "అందరు మంచి పని చేసినవ్ అంటున్నరు. ఆ పిల్ల ఏమైందో ఎవ్వరు చెప్తలేరు. సచ్చిపోయిందా అమ్మా?"

సుమన కూతుర్ని గుండెకు హత్తుకుంది. ఆ చిన్న వీపు వణుకు ఆగేదాకా అలాగే ఉంది. ఊరు మెచ్చుకున్న కొద్దీ ఈ పిల్ల లోపల్లోపల నలిగిపోయిందని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"సచ్చిపోతె ఊళ్లెకు తెల్వకుంట ఉంటదా? బతికే ఉంటది. మొఖం కడుక్కో. పోయి చూద్దాం."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

*

ఆత్మారాం దిండుకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. శ్యామలమ్మ అతని కాళ్ళు పిసుకుతోంది.

"అత్తమ్మా, కాల్వ కట్ట మీద పిల్ల పడ్డది మీరు చూసిండ్రా?"

శ్యామలమ్మ చేతులు ఆగిపోయాయి. ఆత్మారాం కళ్ళు తెరిచాడు.

"ఏ పిల్ల?" అన్నాడు భార్యతో.

ఆమె కోడలితోనే అంది. "లేచి కూసున్నది. ఎనకకు తిరిగి చూసిన. చెయ్యి పట్టుకొని కూసున్నది."

"తెల్లారన్న పోయి చూసిండ్రా?"

శ్యామలమ్మ దుప్పటి అంచు సర్దసాగింది.

"శ్యామలా!" ఆత్మారాం గొంతు పీలగా పలికింది.

"నువ్వు మాట్లాడకు, డాక్టర్ మాట్లాడొద్దన్నడు." కసిరి, ఆమె సుమన వైపు తిరిగింది. "నేనే పొమ్మన్న. పిల్లది తప్పు లేదు. నా చేతులల్ల ఈ మనిషి పోతుండె. ఆగి ఆ పిల్లను చూడాల్నా, ఈయన్ను చూడాల్నా? ఒక బిడ్డను పోగొట్టుకున్నదాన్ని. నేను ఆగలే. మల్ల గట్లనే అయితె మల్ల ఆగ."

"ఆ గడియల మీరు చేసింది తప్పని నేననను," సుమన స్థిరంగా అంది. "గని మామ బాగున్నడని డాక్టర్ చెప్పినంకన్న పోవాల్సి ఉండె. మీరు నోరు మూసుకున్నరు. అది చూసి పిల్ల నోరు మూసుకున్నది. అన్నం తింటలేదు."

పెద్దావిడ కళ్ళు మనవరాలి మీద పడ్డాయి. కావ్య గుమ్మంలో తల దించుకుని నిలబడి ఉంది. శ్యామలమ్మ మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"కాల్వ అవతల నర్సింలు బిడ్డ అనుకుంట," అంది మెల్లగా. "కోత మిషన్ తోలే నర్సింలు. నా పేరు చెప్పుండ్రి. ముసల్ది ఆపనియ్యలే అని చెప్పుండ్రి."

ఆత్మారాం మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భార్య చేతుల్లోంచి తన కాళ్ళు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

*

కాల్వ కట్ట మీద తల్లీకూతుళ్ళు నడుస్తున్నారు. ఒకవైపు కోతకొచ్చిన వరి, మరోవైపు మనిషి నిలువు ఎత్తున చెరుకు. కావ్య ఒకచోట ఆగి, "ఈడనే" అంది. చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. మట్టి, గడ్డి, ట్రాక్టర్ చక్రాల గుర్తులు.

"అమ్మా, నేను ఇగ బండి ముట్ట."

"ముట్టనని ఎవరనమన్నరు?"

కావ్య తలెత్తి చూసింది.

"చెప్త విను. రోడ్డు మీదికి పద్దెనిమిది నిండినంకనే, లైసెన్సు చేతికొచ్చినంకనే. అండ్ల బేరం లేదు, మీ డాడీ చెప్పినా మీ నానమ్మ చెప్పినా. చేన్ల నేర్సుకునుడు నీ కాళ్లు పూర్తిగ నేలకు ఆనిన నాడు మొదలు. తలకు హెల్మెట్ పెట్టుకొని, ముందుగాల ఆపుడు నేర్సుకోవాలె. పోనిచ్చుడు తర్వాత."

"అప్పటిదాంక ఇంట్ల ఎవరికన్న ఏమన్న అయితె?"

"అప్పటిదాంక నేనున్న. దసరా ఎల్లంగనె నేను నేర్సుకుంట."

"నువ్వా?" కళ్ళలో నీళ్ళున్నా ఆ పిల్ల పెదవి ఒక పక్కకు వంగింది. "చీరతోనా?"

"డ్రెస్ ఏస్కుంట. ఏం, నాకు రాదా?"

"వస్తది," అంది కావ్య. కాసేపాగి, "క్లచ్ ఒక్కసారే ఇడ్సిపెట్టొద్దు" అని చెప్పింది.

కాల్వ దాటాక అడిగితే నర్సింలు ఇల్లు చూపించారు. రేకుల ఇల్లు. అరుగు మీద నర్సింలు భార్య ధనలక్ష్మి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన నులక మంచం మీద తొమ్మిది, పదేళ్ళ పిల్ల ఒకతి పడుకుని ఉంది. కుడిచేతికి వెదురు బద్దలు పెట్టి, ఆకుపసరు గుడ్డతో మోచేతి నుంచి మణికట్టు దాకా బిగించి కట్టారు. గోడకు గులాబీ రంగు సైకిలు ఆనించి ఉంది. ముందు చక్రం వంకర పోయింది.

కావ్య వాకిలి దగ్గరే ఆగిపోయింది. సుమన కళ్ళు మాత్రం పిల్ల వేళ్ళ మీదే ఉన్నాయి. అవి ఉబ్బి, పాలిపోయి ఉన్నాయి.

"అమ్మా, నేను నిజామాబాద్ దవాఖాన్ల నర్సును. జర పిల్ల చెయ్యి చూస్త."

ఎవరు, ఎందుకు అని అడిగే లోపే ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "నీ పేరేంది తల్లీ?"

"జ్యోతిరాణి."

"రాణీ, వేళ్లు కదిలియ్యి."

కదిలించబోయి పిల్ల కెవ్వుమంది.

"తిమ్మిరి ఉన్నదా?"

"చీమలు పారినట్టున్నది. పొద్దుగాల కట్టు మల్ల బిగించినప్పటి నుంచి."

సుమన చెయ్యి చాపింది. "ఆ కత్తెర ఇటియ్యమ్మా." బీడీ ఆకు కోసే కత్తెర. ధనలక్ష్మి ఏమీ తోచక ఇచ్చింది. సుమన దాన్ని కట్టు కింద జాగ్రత్తగా దూర్చి, గుడ్డను పొడుగునా కత్తిరించింది. కట్టు వదులయ్యేసరికి పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. బద్దలు మాత్రం కదలకుండా మంచం మీది తువ్వాలుతో వదులుగా చుట్టింది.

"బొక్క ఇరిగింది. కట్టు గట్టిగైంది, నెత్తురు ఆడుతలేదు. ఇంకో పూట ఉంటె చెయ్యికే మోసం. ఇప్పుడే ఎక్స్‌రే తీయించాలె. నేను ఎంబడి వస్త."

ధనలక్ష్మి చాట పక్కన పెట్టి లేచింది. చేతులు జోడించింది. "దేవుని లెక్క వచ్చినవమ్మా! సైకిల్ మీదికెల్లి పడ్డది. ఎవరో బండోడు గుద్ది పోయిండంట. మా సంగతి నీకెవరు చెప్పిండ్రు?"

సుమన నోరు తెరిచింది. అంతలోనే పక్కనుంచి మాట వచ్చింది.

"నేను చెప్పిన." కావ్య వాకిలి దాటి అరుగు దగ్గరికొచ్చింది. "బండోడు కాదు. నేనే గుద్దిన."

జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. మంచం మీది పిల్ల తల తిప్పి, కావ్యను కిందినుంచి మీది దాకా చూసింది.

"నువ్వు ఆగలే," అంది.

"నాకు ఆపుడు రాదు," అంది కావ్య.

ఇంటి వెనక నీళ్ళ చప్పుడు ఆగింది. తడి చేతులతో నర్సింలు వచ్చి నిలబడ్డాడు. అంతా విన్నాడని అతని మొహమే చెబుతోంది. దవడలు బిగుసుకుని ఉన్నాయి.

"ఆత్మారాం పటేల్ మనుమరాలివి నువ్వేనా? శాలువ కప్పుతరంట గద నీకు."

"కప్పరు," అంది సుమన. "తప్పు మాది. చెయ్యి బాగయ్యేదాంక ఖర్చు, తిరుగుడు అంత మాదే. మీరు ఎన్ని మాటలన్నా పడుత. గని తొవ్వల అనుండ్రి అన్నా. పిల్లకు ఆలస్యమైతది."

నర్సింలు కూతురి వేళ్ళు చూశాడు. తెల్లగా ఉన్నవి మెల్లమెల్లగా ఎరుపెక్కుతున్నాయి. అతని బిగువు సడలలేదు గాని, భార్య వైపు తిరిగి ఆటో పిలవమని సైగ చేశాడు. తర్వాత, సుమన కళ్ళలోకి చూస్తూ అన్నాడు.

"పొద్దుగాల ఠాణాకు పోయి చెప్పొచ్చినమ్మా. బండి నంబర్ తెల్వదన్న. తెలిస్తె వచ్చి చెప్పుమన్నరు. నేను చెప్పకుంట ఉండ. బిడ్డ అరుస్తుంటె ఆపకుంట పోయిండ్రు."

"చెప్పాలె. మంచిగనే చేసిండ్రు." ఆమె ఫోను తీసి మహేందర్‌కు కలిపింది. "మందులు తీస్కున్నరా? బండి కాయిదాలు మీ పర్సుల ఉన్నయి గద, పట్టుకొని ఠాణా కాడికి రండి. ఆ, బోధన్ ఠాణానే. కావ్య బండి ఒక పిల్లకు తగిలింది. చెయ్యి ఇరిగింది. నేను దవాఖానకు తోలుకపోయి, ఆడికెల్లి వస్త. కావ్య గూడ వస్తది."

అవతల లారీ హారన్లు, బస్టాండు కేకలు. వాటి మధ్యనే ఫోను కట్టయింది.

ఆటో వచ్చింది. నర్సింలు ముందు డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. సుమన రాణిని ఒళ్ళోకి తీసుకుని, విరిగిన చెయ్యి కుదుపులకు కదలకుండా పట్టుకుంది. కావ్య ఎక్కి, తల్లి భుజం చాటుకు జరిగింది. ఆటో కాల్వ వంతెన ఎక్కుతుంటే చెవిలో గుసగుసగా అడిగింది.

"అమ్మా, డాడీని పట్కపోతరా?"

సుమన అబద్ధం వెతకలేదు.

"తెల్వదు బిడ్డా," అంది. "పోతున్నం గద. అడుగుదాం."